విశాఖ అడుగున ఘాజీ

విమానవాహక నౌకను దాచిపెట్టడం మామూలు పని కాదు. ఐఎన్ఎస్ విక్రాంత్ పొడవు 213 మీటర్లు. డెక్కు మీద విమానాలు, లోపల వెయ్యిమందికి పైగా నావికులు. రేవులో నిలిపితే కొండ మీది నుంచి చిన్నపిల్లవాడు కూడా గుర్తుపడతాడు. కదిలితే చుట్టూ కాపలా ఓడలు కదలాలి. వంటశాలకు లారీలకొద్దీ సరుకు రావాలి, ఆ సరుకు తెచ్చే కంట్రాక్టర్లు బజారులో నలుగురితో మాట్లాడతారు. 1971 నవంబరులో ఇంతటి ఓడను శత్రువు కంట పడకుండా దాచే బాధ్యత వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ మీద పడింది. ఆయన విశాఖపట్నంలోని తూర్పు నౌకాదళ కమాండ్‌కు అధిపతి. చాలదన్నట్టు విక్రాంత్ బాయిలర్‌కు పగుళ్లు వచ్చి ఉన్నాయి. పూర్తి వేగంతో పరుగు తీసే శక్తి లేదు. జలాంతర్గామి వెంటపడితే తప్పించుకోవడం కష్టం.

వెంటపడే జలాంతర్గామి అప్పటికే బయల్దేరింది. దాని పేరు పీఎన్ఎస్ ఘాజీ. రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో అమెరికాలో తయారైంది. అక్కడ దాన్ని డయాబ్లో అనేవారు. 1964లో పాకిస్తాన్ నౌకాదళంలో చేరింది. కరాచీ నుంచి కన్యాకుమారి దాటి, శ్రీలంకను చుట్టి, బంగాళాఖాతంలో మాటు వేసి మళ్లీ ఇంటికి చేరగల సత్తా ఉన్న జలాంతర్గామి పాకిస్తాన్ దగ్గర అదొక్కటే. తూర్పు పాకిస్తాన్‌లో యుద్ధం తప్పదని రెండు దేశాలకూ తెలిసిపోయింది. విక్రాంత్ బంగాళాఖాతంలో నిలబడితే అక్కడున్న పాకిస్తాన్ సేనలకు సముద్రదారి మూసుకుపోయినట్టే. అందుకే నవంబరు 14న కమాండర్ జఫర్ మహమ్మద్ ఖాన్ తొంభైమందికి పైగా సిబ్బందితో కరాచీ వదిలాడు. విక్రాంత్‌ను కనిపెట్టి ముంచాలి, విశాఖ రేవు ముందు మైన్లు పరచాలి. ఆయనకు అప్పగించిన పనులు ఇవీ.

ఇక్కడ మనవాళ్ల చెవిన పడింది మాత్రం నూనె కబురు. ఫలానా రకం లూబ్రికేషన్ నూనె దొరుకుతుందా అని చిట్టగాంగ్‌లోని నౌకాదళ అధికారులను అడుగుతూ ఒక సందేశం వెళ్లింది. మనవాళ్లు దాన్ని మధ్యలో పట్టుకున్నారు. ఆ నూనె వాడేది జలాంతర్గాములూ, మైన్లు ఏరే ఓడలూ మాత్రమే. సముద్రంలో ఏమీ కనిపించకపోయినా, బంగాళాఖాతంలోకి జలాంతర్గామి వస్తోందని కమాండ్ గ్రహించింది. పెద్ద పెద్ద యంత్రాలేవీ చెప్పని మాటను డబ్బా నూనె చెప్పింది. ఈ కథలో అడుగడుగునా ఇదే వరస. తాళం తీసినవన్నీ చిన్న చిన్న వస్తువులే.

కృష్ణన్ పన్నిన ఎత్తును ఆయనే తరవాత తన పుస్తకంలో వివరంగా రాసుకున్నారు. విక్రాంత్‌ను అండమాన్ దీవుల్లోని ఒక రహస్య లంగరుచోటికి పంపేశారు. దానికి పోర్ట్ ఎక్స్-రే అని గుప్తనామం పెట్టారు. విక్రాంత్ వేషం కట్టే పని ఐఎన్ఎస్ రాజ్‌పుత్‌కు అప్పగించారు. రాజ్‌పుత్ బ్రిటిష్‌వాళ్లు 1942లో నీటిలోకి దింపిన ముసలి డిస్ట్రాయర్. దాన్ని సముద్రంలోకి పంపి, విమానవాహక నౌక నుంచి వెళ్లినట్టే దాని వైర్‌లెస్ నుంచి ఎడతెరిపి లేకుండా సందేశాలు పంపించారు. మద్రాసులో కంట్రాక్టర్లకు భారీగా మాంసం, కూరగాయలు ఆర్డరిచ్చారు. ఆ కబురు బజారున పడి చేరవలసిన చోటికి చేరుతుందని వాళ్ల లెక్క. అన్నిటికంటే నన్ను కదిలించేది ఇంకొకటి. విక్రాంత్‌లో పనిచేసే నావికుడు ఒకడు జబ్బుపడ్డ తన తల్లి ఎలా ఉందో కనుక్కుంటున్నట్టుగా, సంకేత భాష ఏమీ లేకుండా మామూలు మాటల్లో ఒక తంతి పంపించారు. భద్రతా నియమాలు తప్పి కొడుకు తల్లి గురించి ఆరా తీస్తే, వినేవాడు అనుమానించడు. మనిషి మనసు తెలిసినవాడే అలాంటి వల వేయగలడు.

ఘాజీ మద్రాసు దగ్గర వెతికింది. విక్రాంత్ అక్కడ లేదు. రోజులు గడిచిపోతున్నాయి. నీటి కింద గాలి మసిబారి, నూనె వాసన మధ్య, వంతులవారీగా ఒకే పరుపు మీద నిద్రపోతూ ఆ తొంభైమంది ఎలా గడిపి ఉంటారో ఊహించవలసిందే. కరాచీ పంపిన సందేశాలకు ఘాజీ జవాబివ్వడం ఆగిపోయింది. విక్రాంత్ వేట ఫలించలేదు. మిగిలింది రెండో పని, విశాఖ రేవు ముందు మైన్లు పరచడం.

డిసెంబరు 3 సాయంత్రం పశ్చిమాన పాకిస్తాన్ విమానాలు మన విమాన స్థావరాల మీద బాంబులు వేశాయి. ఆ అర్ధరాత్రి విశాఖ రేవు దీపాలన్నీ ఆర్పేసి ఉండగా రాజ్‌పుత్ లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో బయటికి కదిలింది. రేవు ముఖద్వారం దాటగానే ఆయనకో ఆలోచన తట్టింది. శత్రు జలాంతర్గామి కాచుకుని ఉండాలంటే ఇంతకంటే మంచి చోటు ఏముంటుంది? అంతలో ముందువైపు నీళ్లు అదోరకంగా కదిలినట్టు కాపలావాడికి కనిపించింది. ఓడను అటు తిప్పి రెండు డెప్త్ ఛార్జ్‌లు, అంటే నీటి లోతున పేలే బాంబులు, వదిలారు. కొద్ది నిమిషాల తరవాత ఓడంతా అదిరేలా పెద్ద పేలుడు. ఆ చుట్టుపక్కల చూశారు. చీకట్లో ఏమీ కనిపించలేదు. రాజ్‌పుత్ తనకు చెప్పిన దారిన ముందుకు సాగిపోయింది.

ఆ చప్పుడుకు ఊళ్లో కిటికీ అద్దాలు గలగలలాడాయి. ప్రధాని ఇందిరాగాంధీ ప్రసంగం కోసం రేడియోల దగ్గర మేలుకుని ఉన్నవాళ్లు ఎందరో. కొందరు భూకంపం అనుకున్నారు. సముద్రం వైపు నుంచి వచ్చే చప్పుడంటే విశాఖకు పాత భయం కూడా ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసి వెళ్లాయి. ఆ రోజుల్లో మూటాముల్లె కట్టుకుని లోపలి ఊళ్లకు తరలిపోయిన కుటుంబాల్లో పెద్దవాళ్లు 1971 నాటికి ఇంకా బతికే ఉన్నారు.

తెల్లవారింది. పేలిందేమిటో కమాండ్‌కు స్పష్టంగా తెలియదు. జలాంతర్గామి అని అనుమానం, అంతే. యుద్ధంలో ఇలాంటి అనుమానాలు రోజుకు పది పుడతాయి. చేపల గుంపు మీద డెప్త్ ఛార్జ్‌లు పడేసి శత్రువును ముంచామనుకున్న ఓడలు ప్రపంచంలో లెక్కలేనన్ని. ఆ అనుమానాన్ని నిజం చేసింది చేపల వేటకు వెళ్లిన జాలర్లు. నీటి మీద నూనె తెట్టు కట్టి ఉందని, ఏవేవో వస్తువులు తేలుతున్నాయని వాళ్లు చూశారు. ఒక లైఫ్ జాకెట్ కూడా వాళ్ల చేతికి చిక్కింది. ఆ తెరచాప తెప్పల మీది మనుషుల పేర్లు ఏ చరిత్ర పుస్తకంలోనూ ప్రముఖంగా కనిపించవు. నా దృష్టిలో ఘాజీని మొదట కనిపెట్టిన గౌరవం వాళ్లకే చెందాలి. అలల రంగు, నూనె వాసన, ఉండకూడని చోట తేలే వస్తువు, వీటిని చదవగలిగే కళ్లు వాళ్లవి. యుద్ధం మొదలైన మర్నాడే వేటకు వెళ్లిన ధైర్యం కూడా వాళ్లదే.

తరవాతి వంతు డైవర్లది. సోవియట్ యూనియన్ నుంచి ఆ ఏడాదే మన నౌకాదళంలో చేరిన నిస్తార్ అనే ఓడ ఉంది. జలాంతర్గాములు ప్రమాదంలో పడితే ఆదుకోవడానికి దాన్ని తెచ్చుకున్నారు. ఇప్పుడు దానికి శత్రు జలాంతర్గామి దగ్గరికి మనుషులను దించే పని పడింది. కింద నిజంగానే ఒక పెద్ద లోహపు శరీరం పడి ఉంది. కానీ అది ఏమిటి, ఎవరిది? మన ఓడేదో తప్పు చోట మునిగి ఉండదుగదా? పైనుంచి చూసి చెప్పే వీల్లేదు. లోపలికి వెళ్లాలి.

విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలిపిన కురుసుర జలాంతర్గామిలోకి వెళ్లినవాళ్లకు ఆ పని ఎంత కష్టమో తెలుస్తుంది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి ఇనుప తలుపు కన్నంలోంచి ముందు కాలు, తరవాత తల, చివరికి రెండో కాలు దూర్చాలి. నేల మీద, వెలుతురులో, గైడు పక్కనుండగానే మోకాలు కొట్టుకుంటుంది. నీటి అడుగున, చీకట్లో, లోపల పేలని టార్పెడోలూ మైన్లూ ఉన్నాయో లేదో తెలియని స్థితిలో అలాంటి తలుపు తెరవడమంటే ప్రాణం పణం పెట్టడమే. మొదటి ప్రయత్నాల్లో తలుపు రాలేదు. మూడో రోజున కోనింగ్ టవర్ మూత తెరుచుకుంది. ఒక మృతదేహం పైకి వచ్చింది. కాగితాలు వచ్చాయి. దొరికిన వాటిలో యూఎస్ఎస్ డయాబ్లో అనే పాత అమెరికన్ పేరు ఉన్నవి కూడా ఉన్నాయి. కొత్త దేశంలో కొత్త పేరు పెట్టుకున్నా, పుట్టినప్పటి పేరు సామాను మీద మిగిలిపోయింది. చివరికి ఆ పేరే దాని ఆచూకీ చెప్పింది.

డిసెంబరు 9న భారత్ ఘాజీ మునిగిన సంగతి ప్రకటించింది. ఆ రాత్రే డయ్యూ తీరానికి దూరంగా పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ మన ఐఎన్ఎస్ ఖుక్రీని ముంచింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా సహా 194 మంది జలసమాధి అయ్యారు. సముద్రం ఒకరి విజయగాథను ముగించకముందే ఇంకొకరి శోకాన్ని మొదలుపెట్టింది. ఇక విక్రాంత్ మాటకొస్తే, డిసెంబరు 4 నుంచే దాని విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడికి దిగాయి.

ఘాజీ దొరికింది. ఎలా మునిగిందన్నది మాత్రం తేలలేదు. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ ఛార్జ్‌ల వల్లనే అని మన నౌకాదళం అప్పట్లో చెప్పింది. తాను పరచిన మైనుకు తానే తగిలిందని పాకిస్తాన్ అంటుంది. మూడో మాట కూడా ఉంది. జలాంతర్గామి బ్యాటరీలు ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు పుడుతుంది. దాన్ని సరిగ్గా బయటికి పంపకపోతే ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ కారణాన్ని మన నౌకాదళంలోనే వైస్ అడ్మిరల్ మిహిర్ రాయ్ తన పుస్తకంలో ముందుకు తెచ్చారు. డైవర్లు చూసిందేమిటంటే ముందు భాగం పేలిపోయి ఉంది. టార్పెడోలు, మైన్లు ఉండేది అక్కడే. బయటి దెబ్బకు లోపలి మందుగుండు అంటుకున్నా, లోపల్నుంచే మొదలైనా చూడటానికి ఒకేలా ఉండవచ్చు. తేదీ మీద కూడా పేచీ ఉంది. ఆ యుద్ధంలో తూర్పు సైనిక కమాండ్‌లో కీలక స్థానంలో ఉన్న జనరల్ జాకబ్, ఘాజీ శకలాలు దొరికిన కబురు తనకు డిసెంబరు 3నే అందిందని రాశారు. అదే నిజమైతే రాజ్‌పుత్ కథ మొత్తం మారిపోతుంది. అడుగున ఉన్న ఇనుమును పైకి తెస్తే తేలుతుందేమో. అమెరికా, సోవియట్ యూనియన్ తమ ఖర్చుతో పైకి తీస్తామన్నాయని, భారత్ ఒప్పుకోలేదని చెబుతారు. ఘాజీ అక్కడే ఉండిపోయింది. ఏళ్ల మీద ఏళ్లు ఇసుక, బురద, పాత వలలు దాని మీద పేరుకుంటూ వచ్చాయి.

ఈలోగా ప్రపంచంలో సముద్రగర్భాన్ని చూసే విద్య ఎక్కడికో వెళ్లిపోయింది. ఆ విద్యకు విమానవాహక నౌకలే పెద్ద పరీక్ష అయ్యాయి. విశాఖ మీద బాంబులు పడ్డ రెండు నెలలకే, 1942 జూన్‌లో, పసిఫిక్‌లో మిడ్‌వే దగ్గర జరిగిన యుద్ధంలో జపాన్ విమానవాహక నౌకలు నాలుగు, అమెరికాది ఒకటి మునిగాయి. అవి పడింది అయిదు కిలోమీటర్ల లోతున. ఎక్కడ మునిగాయో ఆనాటి ఓడల లాగ్ పుస్తకాలు తలా ఒక చోటు చెబుతాయి. బాంబుల వానలో మెలికలు తిరుగుతూ పరుగెత్తే ఓడలో నక్షత్రాలు చూసి సరైన స్థానం రాసుకునే తీరిక ఎవరికి ఉంటుంది? టైటానిక్‌ను కనిపెట్టిన రాబర్ట్ బల్లార్డ్ 1998 మే 19న అమెరికన్ నౌక యార్క్‌టౌన్‌ను దాదాపు 5,000 మీటర్ల లోతున చూడగలిగాడు. అదే యాత్రలో జపాన్ నౌకల కోసం ఎంత గాలించినా దొరకలేదు. 1999లో ఇంకో బృందానికి వాటిలో కాగా అనే నౌక తాలూకు ముక్క ఒకటి కనిపించింది, ఓడ కనిపించలేదు. ఇంకో ఇరవై ఏళ్లకు, 2019 అక్టోబరులో, పెట్రెల్ అనే పరిశోధక నౌక కాగాను, ఆ వెంటనే ఇంకో జపాన్ నౌక అకాగీని పట్టుకుంది.

ఆ వెతుకులాట చూస్తే పోచంపల్లి నేతగాళ్ల ఇళ్లలో ఆసు పోయడం, అంటే మేకుల చుట్టూ నూలు తిప్పడం, గుర్తొస్తుంది. ఒక చివర నుంచి ఇంకో చివరకు, మళ్లీ వెనక్కి, ఒక్క చీరకు వేల సార్లు చెయ్యి ఆడాలి. ఒక్క వరస తప్పితే నేతలో పువ్వు విరిగిపోతుంది. సముద్రం అడుగున సోనార్ యంత్రమూ అంతే. శబ్దం పంపి ప్రతిధ్వని వింటూ, ఒక గీత వెంట పోయి, పక్క గీత వెంట వెనక్కి రావాలి. రోజుల తరబడి తెర మీద చదునైన బురద తప్ప ఏమీ రాదు. ఒక్క గీత వదిలేస్తే ఓడ ఆ గీతలోనే ఉండవచ్చు.

అలాంటి కళ్లే విశాఖకూ వచ్చాయి. 2018లో భారత నౌకాదళం డీఎస్ఆర్‌వీ అనే లోతు జలాల రక్షణ వాహనాన్ని సంపాదించుకుంది. మునిగిన జలాంతర్గామికి అతుక్కుని లోపలి మనుషులను తనలోకి ఎక్కించుకోవడం దాని పని. 650 మీటర్ల లోతు వరకు పోగలదు. అయితే అడుగున ఇనుము ఎక్కడుందో ముందు కనిపెట్టలేనివాడు ఎవరినీ కాపాడలేడు కాబట్టి దానికి మంచి సోనార్లు, కెమెరాలు ఇచ్చారు. 2024 ఫిబ్రవరిలో ఆ వాహనం ఘాజీని చూసిందన్న కబురు బయటికి వచ్చింది. తీరానికి రెండు, రెండున్నర కిలోమీటర్ల దూరంలో, సుమారు వంద మీటర్ల లోతున ఉందని వార్తలు వచ్చాయి. బీచ్‌లో కూర్చున్న జనం చూపు ఆనే దూరమే అది. యాభై ఏళ్లకు పైగా ఎంతమంది దాని మీదుగా చూపు సారించి సూర్యోదయాలూ ఓడలూ చూసుకుని ఇళ్లకు పోయారో.

ఈసారి నౌకాదళం దాన్ని ముట్టుకోలేదు. ఒక్క వస్తువు కూడా తీయలేదు. అందులో ఉన్నది శత్రువులైనా, తమ పని తాము చేస్తూ చనిపోయిన నావికులు. వాళ్లకు అదే సమాధి అని వదిలేశారు. ఘాజీ ఎలా పేలిందో తెలుసుకోవాలన్న ఆత్రం నాకూ ఉంది. అయినా ఆ నిర్ణయం సరైనదని నమ్ముతాను. కరాచీలో, లాహోరులో ఆ మనుషుల ఇళ్లవాళ్లకు ఆ చోటు పటం మీద ఒక గుర్తు మాత్రమే, అక్కడ పువ్వు పెట్టే అవకాశం కూడా లేదు. కనీసం దాన్ని ఎవరూ కెలకలేదన్న మాటైనా వాళ్లకు చేరాలి.

విశాఖ సముద్రంలో పడుకున్న జలాంతర్గామి ఇదొక్కటే కాదు. 1944 ఫిబ్రవరి 11న జపాన్ జలాంతర్గామి ఆర్ఓ-110 ఇక్కడికి దగ్గర్లోనే ఒక వాణిజ్య ఓడల బృందం మీద టార్పెడో వేసింది. వెంట ఉన్న రాయల్ ఇండియన్ నేవీ ఓడ జమునా, ఆస్ట్రేలియా ఓడలు లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ కలిసి దాన్ని ముంచేశాయి. అందులోని వాళ్లెవరూ బతకలేదు. రెండు వేర్వేరు యుద్ధాల్లో, రెండు వేర్వేరు దేశాల నుంచి విశాఖ దాకా వచ్చిన ఆ రెండూ ఒకే తీరం ముందు ఉన్నాయి. ఆర్ఓ-110 శిథిలాల ఆచూకీ కూడా నౌకాదళానికి తెలుసు. విశాఖ మీద బాంబులు వేసిన ర్యూజో అదే 1942 ఆగస్టు 24న సాలమన్ దీవుల దగ్గర మునిగింది. మిడ్‌వేలో పోయిన సోర్యు, హిర్యుల లాగే అదీ ఇంకా దొరకవలసిన ఓడల జాబితాలోనే ఉంది.

ఘాజీ మూత తెరిచిన డైవర్లను తీసుకెళ్లిన పాత నిస్తార్ 1989లో సేవ నుంచి తప్పుకుంది. 2025 జూలై 18న అదే పేరుతో కొత్త ఓడ విశాఖలో నౌకాదళంలో చేరింది. పొడవు 118 మీటర్లు. కట్టింది విశాఖలోనే, హిందుస్తాన్ షిప్‌యార్డులో. 1941లో శంకుస్థాపన జరిగి, ఏడాది తిరగకముందే ఊరి మీద జపాన్ బాంబులు చూసిన షిప్‌యార్డు అది. ఈ నిస్తార్ డైవర్లు 300 మీటర్ల లోతున రోజుల తరబడి పనిచేయగలరు. డీఎస్ఆర్‌వీని ప్రమాద స్థలానికి మోసుకుపోయే తల్లి ఓడ కూడా ఇదే. ఏ జలాంతర్గామైనా అడుగున చిక్కుకుపోతే, లోపల ఊపిరితో ఉన్నవాళ్లను ఆ వాహనం విడతకు 14 మంది చొప్పున పైకి తెస్తుంది.